అక్క అడగలేదు

నేను సైకిల్ ఎక్కింది అక్క కోసం కాదు. ఈ మాట ముందే చెప్పేయాలి. ఎందుకంటే పేపర్లలో, వాట్సాప్ గ్రూపుల్లో, సన్మాన సభల్లో అందరూ అలాగే చెప్పారు. అక్కకి కిడ్నీలు పాడయ్యాయని తెలిసి తమ్ముడు సైకిల్ పట్టాడట. అదేం లేదు. నలభై దాటాక పొట్ట ముందుకొచ్చింది. బ్రాడీపేటలో నేను ఫిజిక్స్ చెప్పే కాలేజీలో రెండో అంతస్తు ఎక్కేసరికి మొదటి ఫార్ములా చెప్పడానికి ఊపిరి ఉండేది కాదు. డాక్టరు నడవమన్నాడు. నడక నాకు విసుగు, అందుకని సైకిల్ కొన్నాను.

కొన్నాక తెలిసింది, నా కాళ్ళలో ఇంత బలం ఉందని. మొదట అమరావతి దాకా, తర్వాత కొండవీడు ఘాట్ రోడ్డు, ఆ తర్వాత ఆదివారం వస్తే చాలు ఎంత దూరమైనా సరే. నాలాంటి వాళ్ళమే కొందరం జట్టుగా తయారయ్యాం. పొట్ట పోయింది. ఇరవై ఏళ్ళ పిల్లల్ని దాటి వెళ్తుంటే కలిగే గర్వం ఎలా ఉంటుందో చెప్పలేను. అక్కకి జబ్బు బయటపడింది సరిగ్గా అప్పుడే.

అక్క నాకంటే నాలుగేళ్ళు పెద్ద. పొదిలిలో ఇచ్చాం. బావది మెట్ట సేద్యం, కంది, పొగాకు. ఆ పక్క ఫ్లోరైడ్ బోరు నీళ్ళ సంగతి అందరికీ తెలిసిందే. అక్క దానికి తోడు ఒళ్ళు నొప్పులంటే చాలు కొట్లో బిళ్ళ కొనుక్కుని వేసుకునేది. కాళ్ళు వాస్తే పని ఎక్కువై వాచాయనుకుంది. తీరా చూపించేసరికి రెండు కిడ్నీలూ దాదాపు అయిపోయాయన్నారు. వారానికి మూడుసార్లు బస్సెక్కి ఒంగోలు వెళ్ళడం, మంచం మీద పడుకుని రక్తం కడిగించుకోవడం, తిరిగొచ్చి వాంతులు చేసుకోవడం. కిడ్నీ మార్చితే బాగుంటుంది, ఇంట్లో ఎవరైనా ఇవ్వగలరా అని అడిగారు. అమ్మకి షుగరు, పనికిరాదన్నారు. బావ గ్రూపు కలవలేదు. మిగిలింది నేను.

పరీక్షల కోసం అక్క గుంటూరు వచ్చి మా ఇంట్లో ఉంది. బావ పొగాకు పనుల్లో ఉండి రాలేదు. అక్క, నేను, నా భార్య ముగ్గురం కూర్చుని ఉండగా డాక్టరు కాగితాలు తిరగేసి కలిసిందన్నాడు. నేనేం చేస్తుంటానని అడిగాడు. పాఠాలు చెబుతానని, సైకిల్ తొక్కుతానని చెప్పాను. ఆయన ముఖం వెలిగిపోయింది. "ఎంత దూరం తొక్కుతారు? అబ్బో! ఇలాంటి డోనర్ దొరకడం మీ అదృష్టమమ్మా" అన్నాడు అక్కతో. ఇంకా కొన్ని పరీక్షలు ఉంటాయి, ఎప్పుడు వీలో చెప్పమన్నాడు. నేను పరీక్షల సీజను అయిపోనివ్వండి అన్నాను. మా కాలేజీలో పరీక్షల సీజను ఎప్పుడూ అయిపోదు. అది డాక్టరుకి తెలియదు, అక్కకి తెలుసు.

భార్య వద్దంది అని చెప్పుకోవడానికి వీలుంటే ఎంత బాగుండేది! లోకంలో చాలామంది మగవాళ్ళు ఆ మాట చాటున హాయిగా బతికేస్తున్నారు. ఆమె వద్దనలేదు. ఇంటికొచ్చాక ఒక్కసారే అంది. "మీ అక్క, మీ ఒళ్ళు. నేను వద్దంటే రేపు ఆ పాపం నా మీద పెడతారు. ఇమ్మంటే, మీకేదైనా అయితే నన్ను నేనే తిట్టుకుంటాను. మీరే తేల్చుకోండి." నేను తేల్చుకోలేదు. నాకు కత్తి అంటే భయం. ఇద్దరు పిల్లలున్నారు, రేపు ఉన్న ఆ ఒక్కటీ పాడైతే ఎలా అని భయం. వీటన్నిటి అడుగున ఇంకో భయం ఉంది, చెప్పడానికే సిగ్గు. మళ్ళీ ఇలా సైకిల్ తొక్కగలనా అని.

అక్క పొదిలి వెళ్ళిపోయింది. అత్తగారితో, బావతో ఇంకా ఏవో పరీక్షలు ఉన్నాయట అని చెప్పింది.

ఆ రోజుల్లోనే మా జట్టులో ఒకాయన ఆదివారం టీ తాగుతూ, "మాస్టారూ, మీ అక్కగారి పేరు మీద ఒక లాంగ్ రైడ్ చేద్దామండీ. దారిలో ఊళ్ళల్లో కిడ్నీ జబ్బు గురించి చెబుదాం, వచ్చిన డబ్బు డయాలసిస్‌కి వెళ్ళే పేదవాళ్ళ ప్రయాణాలకి ఇద్దాం" అన్నాడు. మంచి మనిషి, మంచి మనసుతోనే అన్నాడు. నేను కప్పు కింద పెట్టకుండానే ఒప్పుకున్నాను. ఒక్క పని చేయలేనివాడికి పది పనులు చేసే ఊపు ఎక్కడి నుంచి వస్తుందో నాకు అప్పుడు తెలిసింది. ఫ్లెక్సీలు, టీషర్టులు, కరపత్రాలు, హెడ్మాస్టర్లకి ఫోన్లు, అన్నీ నేనే చూసుకున్నాను. అక్క కోసం ఎంత తిరుగుతున్నాడో చూడండి అన్నారు అందరూ. తిరుగుతూనే ఉన్నాను.

అక్కకి ఫోన్ చేసి చెబితే నవ్వింది. "నా పేరు మీద ఊరేగింపా? నా ఫోటో మాత్రం వెయ్యమాకురా. వేస్తే ఆ ఆకుపచ్చ పట్టుచీరది వెయ్. ఇప్పటిది వేస్తే జనం జడుసుకుంటారు" అంది. తర్వాత రోజూ ఏం తింటున్నానని, నిద్రపోతున్నానా అని అడిగేది. రైడ్‌కి వెళ్ళేవాడికి ఎలాంటి తిండి కావాలో ఎవరినో అడిగి తెలుసుకుని నాకు చెప్పేది. కిడ్నీ సంగతి మాత్రం ఎత్తేది కాదు.

మిరప కోతలు జోరుగా ఉన్న రోజుల్లో బయలుదేరాం. గుంటూరు దాటేదాకా మిరపకాయల టిక్కీలెత్తిన లారీల వెనక దగ్గుకుంటూ, కళ్ళు తుడుచుకుంటూ తొక్కాం. చిలకలూరిపేట దాటాక గాలి తేలికపడింది. రోడ్డుకి రెండు వైపులా కల్లాల్లో కాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి. తల మీద కొంగు కప్పుకుని ఆడవాళ్ళు తాలుకాయలు ఏరుతున్నారు. పత్తి తీసేసిన చేలల్లో ఎండు కట్టె మిగిలి ఉంది. ఎండెక్కేకొద్దీ నాకు హుషారెక్కింది. ఎక్కడ ఆగినా మజ్జిగ, కొబ్బరినీళ్ళు, పుచ్చకాయ ముక్కలు. నేను సీసాల కొద్దీ నీళ్ళు తాగాను, తాగిందంతా చెమటై పోయింది. అక్కకి రోజు మొత్తానికి కలిపి చిన్న గ్లాసుడు నీళ్ళు. కొబ్బరినీళ్ళు ముట్టుకోనే కూడదు. ఆ సంగతి గుర్తొచ్చి ఒకచోట బోండాం పక్కన పెట్టేశాను. కాసేపటికి అదే తీసుకుని తాగాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ రోజు నాకు చాలా బాగుంది. అక్కకి జబ్బు చేసిన ఏడాది నా జీవితంలో నేను బాగా సంతోషంగా ఉన్న ఏడాది.

అద్దంకిలో ఒక స్కూలు ఆవరణలో షామియానా వేశారు. పిల్లలు, వాళ్ళ తల్లిదండ్రులు, చుట్టుపక్కల షాపులవాళ్ళు వచ్చారు. మైకు నాకు కొత్త కాదు. నొప్పి బిళ్ళలు మింగొద్దని, బీపీ, షుగరు చూపించుకోమని, కాళ్ళు వాస్తే దాచుకోవద్దని చెప్పాను. ఆ తర్వాత దానం గురించి. "దేవుడు మనిషికి రెండిచ్చాడు. ఒకటి చాలు. ఇచ్చినవాళ్ళు పొలం పనులు చేసుకుంటున్నారు, పరుగులు పెడుతున్నారు, హాయిగా బతుకుతున్నారు. మీ ఇంట్లో మనిషి రోజూ చస్తూ బతుకుతుంటే మీరు భయపడి కూర్చోవచ్చా?" అన్నాను. పాఠం చెప్పే నోరు కదా, ఎక్కడ ఆపాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో తెలుసు. కొందరు కళ్ళు తుడుచుకున్నారు. చప్పట్లు బాగా పడ్డాయి. నా కళ్ళల్లో కూడా నీళ్ళు తిరిగాయి. ఎందుకు తిరిగాయో ఆ క్షణంలో నాకూ తెలియలేదు. దర్శిలో కూడా అదే చెప్పాను, అక్కడ ఇంకా బాగా వచ్చింది.

పొదిలి చేరేసరికి పొద్దు వాలింది. మా బావ వాళ్ళ వీధి మొదట్లో రోడ్డుకి అడ్డంగా ఫ్లెక్సీ కట్టారు, ఆకుపచ్చ పట్టుచీరలో అక్క. కింద కుర్చీలో అసలు అక్క కూర్చుని ఉంది. ముందు రోజే డయాలసిస్ అయిందట. మొహం నల్లబడి, కళ్ళ కింద ఉబ్బి ఉంది. సూదులు గుచ్చే ఎడమ చేతి మీద నరం తాడులా లేచి ఉంటుంది, దాన్ని కొంగుతో కప్పుకుంది. నన్ను చూడగానే లేవబోయింది, పక్కన కూర్చున్న అత్తగారు చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. బావ పరుగున వచ్చి నా సైకిల్ అందుకుని, ఊళ్ళో అందరికీ వినపడేలా "మా బామ్మర్ది!" అన్నాడు.

సభ పెట్టారు. నేను మళ్ళీ మైకు పట్టుకున్నాను. రోజంతా చెప్పిందే, నోటికి వచ్చేసింది. నొప్పి బిళ్ళలు, బీపీ, షుగరు, దేవుడిచ్చిన రెండు. ఒకటి చాలు అనే మాట దగ్గరికి వచ్చాక అక్క వైపు చూడకుండా ఉండడానికి దూరంగా ఉన్న కరెంటు స్తంభం వైపు చూస్తూ చెప్పాను. చప్పట్లు కొట్టారు. శాలువా పట్టుకుని ఎవరో లేచారు. అప్పుడు ముందు వరసలోంచి అక్క అత్తగారు గొంతెత్తింది. మెట్ట మనిషి, మైకు అక్కరలేదు.

"అబ్బాయ్, మాటలు బాగా చెప్పావయ్యా. ఒకటి చాలంటున్నావు గదా. మరి మా కోడలికి నీది సరిపోద్దేమోనని గుంటూరులో పరీక్షలు చేశారుగా. అవేమయినై?"

ఎత్తిపొడుపు కాదది. ఆమెకి నిజంగానే తెలియదు, తెలుసుకోవాలని అడిగింది. జనమంతా నా వైపు తిరిగారు. మైకు నా చేతిలోనే ఉంది, నా ఊపిరి స్పీకర్లలోంచి నాకే వినపడుతోంది. చెప్పాల్సింది ఒక్క మాట. కలిసింది, నేనే ఇస్తాను అంటే అయిపోయేది. అంతమంది ముందు అన్నాక ఇక వెనక్కి పోవడానికి ఉండేది కాదు. బహుశా అందుకే నోరు పెగల్లేదు.

అక్క లేచి నిలబడింది. "కలవలేదత్తయ్యా" అంది. "అప్పుడే చెప్పేశారు. మీకు చెబితే బాధపడతారని చెప్పలా. వాడైతే నాలుగు రోజులు అన్నం తినలా."

అత్తగారు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "అయ్యో నాయనా, తెలియక అడిగాను, ఏమనుకోమాకు" అంది. జనంలోంచి అయ్యో పాపం అన్న మాటలు వినపడ్డాయి. బావ నా దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేసి, "నువ్వేం చేస్తావులే బామ్మర్దీ, మన రాత" అన్నాడు. శాలువా కప్పారు. ఫోటోలు తీశారు. అవి మర్నాడు పేపర్లో వచ్చాయి. తన కిడ్నీ కలవకపోయినా అక్క కోసం అలుపెరగని తమ్ముడు అని రాశారు.

అక్క ఎందుకలా చెప్పిందో తెలియాలంటే మా ఆడపిల్లల సంగతి తెలియాలి. నాన్న పోయి, నాకింకా ఉద్యోగం రాని రోజుల్లో, పండగకి ఆడపడుచుకి చీర పెట్టే స్తోమత మాకు ఉండేది కాదు. ఒకసారి పొదిలి వెళ్తే అత్తగారు, "నువ్వు పంపిన చీర అంచు బాగుంది నాయనా" అంది. నేనేం పంపలేదు. వెనక నుంచి అక్క కళ్ళతో సైగ చేసింది. తను దాచుకున్న దాంట్లోంచి తనే కొనుక్కుని, మా తమ్ముడు పంపాడని అత్తింట్లో చూపించుకుందన్నమాట. అలా ఎన్ని చీరలు కొనుక్కుందో నాకు తెలియదు. అత్తింట్లో పుట్టిల్లు చిన్నబోకూడదు, అంతే. వంట నేర్చుకోకముందే ఈ విద్య నేర్చుకుంటారు మా వైపు పిల్లలు. చీర విషయంలో నాకు అప్పట్లో నవ్వొచ్చింది, కాస్త ముచ్చటగా కూడా అనిపించింది. ఆ సభలో అదే విద్యతో తన ప్రాణాన్ని పక్కన పెట్టేసి నా పరువు కాపాడింది. నేను ఊరుకున్నాను.

ఇంటికి వెళ్ళాక వేణ్ణీళ్ళు పెట్టింది. తనే వడ్డించింది, ఎవరు చెప్పినా వినలేదు. నాకు గోంగూర, నెయ్యి, మాగాయ. తనకి ఉడకబెట్టి నీళ్ళు వంపేసిన చప్పిడి కూర. నేను చెంబెత్తి గటగటా నీళ్ళు తాగుతుంటే అలాగే చూస్తూ కూర్చుంది. నేను మధ్యలో ఆపితే, "తాగరా, నువ్వు తాగుతుంటే చూడ్డానికి బాగుంది" అంది. నేను చెంబు కింద పెట్టేశాను.

తిన్నాక ఇద్దరం వాకిట్లో కూర్చున్నాం. బావ, అత్తగారు లోపల ఉన్నారు.

"అక్కా, ఎందుకలా చెప్పావు?" అన్నాను.

"మరేం చెప్పమంటావు?"

"నిజం చెబితే పోయేదిగా."

"చెబితే నువ్వు ఇచ్చేవాడివి" అంది.

నాకు అర్థం కాలేదు. ఇస్తే మంచిదేగా అన్నాను. ఆ మాట అన్నది నేనేనా అని ఇప్పటికీ అనుమానమే.

"చిన్నప్పుడు బావిలోకి దూకమన్నాను, గుర్తుందా? ఈత రాకపోయినా ఏడుస్తూ దూకావు, నా మాట కాదనలేక. నేనే జుట్టు పట్టి లాగాను. మూడ్రోజులు జ్వరంతో మూలిగావు. ఇప్పుడు అడిగినా అలాగే ఇస్తావు. అందుకే అడగను." ఎడమ చేతి మీది కొంగు తొలగించి, "నీ అంతట నువ్వు వస్తే తీసుకుంటానురా. ఎందుకు తీసుకోను, నాకు మాత్రం బతకాలని లేదా? అడిగి మాత్రం తీసుకోను" అంది.

నా చెయ్యి తీసుకుని ఆ ఉబ్బిన నరం మీద పెట్టుకుంది. లోపల రక్తం జుయ్యిమని పరిగెత్తుతోంది. పిల్లి గురక పెట్టినట్టుంది. నేను, "ఎండాకాలం సెలవులు వస్తాయిగా అక్కా, అప్పుడు..." అన్నాను. "సరేలే, పొద్దున్నే తొక్కాలి, పడుకో" అంది.

ఎండాకాలం వచ్చింది. ఎంట్రన్సు పరీక్షలున్నాయి. వానలు పడ్డాయి, కొత్త బ్యాచ్‌లు మొదలయ్యాయి. ప్రతిసారీ నా దగ్గర సరైన కారణమే ఉంది, ఒక్కటీ అబద్ధం కాదు. అక్కకి మధ్యలో రెండుసార్లు బీపీ పడిపోయి మంచం మీదే స్పృహ తప్పింది. ఇప్పుడు బస్సెక్కలేకపోతోంది, బావ ఆటో మాట్లాడుకుంటున్నాడు. ఫోన్‌లో గొంతు సన్నబడింది. అదీ ఇదీ మాట్లాడుతుంది, పిల్లల మార్కులు అడుగుతుంది. నేను ఫోన్ పెట్టేశాక కాసేపు గోడ వైపు చూస్తూ కూర్చుంటాను. నా భార్య అటుగా వెళ్తూ చూస్తుంది, ఏమీ అనదు. ఏదైనా అంటే పోట్లాడుకుని అయినా తేలికపడేవాణ్ణి.

ఈ ఏడు రైడ్ ఇంకా పెద్దగా జరిగింది. జనం పెరిగారు, మా జట్టూ పెరిగింది. నేను రానని చెప్పలేకపోయాను. బ్యానర్ మీద ఉన్నది మా అక్కేగా.

అద్దంకిలో మాట్లాడడం అయిపోయి సైకిల్ తీస్తుంటే ఒకాయన ఎదురొచ్చాడు. నా వయసే ఉంటుంది, అక్కడే సెల్‌ఫోన్ల షాపట. కూతురి సైకిల్ మీద వచ్చాడు, గులాబీ రంగుది, ముందు బుట్ట కూడా ఉంది. రెండు చేతులూ పట్టుకుని వదల్లేదు.

"పోయినేడు మీ మాట ఇక్కడే విన్నానండీ. మా చెల్లెలికి కూడా ఇదే జబ్బు. నాది కలిసిందని చెప్పినా భయమేసి, ఇదుగో అదుగో అని దాటేస్తున్నాను. మీరన్నారు చూడండి, భయపడి కూర్చోవచ్చా అని, ఆ రాత్రి ఇంటికెళ్ళి ఇస్తానని చెప్పేశానండీ. ఇప్పుడది నిక్షేపంగా తిరుగుతోంది. మొన్న పుచ్చకాయ తింది సార్, ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చుని చూశాం."

నేను చాలా సంతోషమండీ అన్నాను.

"మీది కలవలేదని పేపర్లో చదివాం సార్. ఇవ్వాలని ఉండీ ఇవ్వలేకపోతే ఎంత బాధో నాకు తెలుసు" అంటూ ఆయన కళ్ళు తుడుచుకున్నాడు.

అక్క అక్కడ లేదు, నా బదులు చెప్పడానికి. "అవునండీ, కలవలేదు" అని నేనే చెప్పాను. తడుముకోకుండా వచ్చింది.

ఊరి పొలిమేర దాకా తోడు వస్తానన్నాడు. ఆపరేషన్ అయిన మనిషివి, వద్దన్నాను. "ఏం కాదండీ, డాక్టరు గారు తొక్కొచ్చన్నారు, రోజూ తొక్కుతున్నాను" అని బుట్ట సైకిలెక్కి బయలుదేరాడు. నేను వెనక తొక్కుతున్నాను. ఎదురుగాలి. ఎందుకో ఆ రోజు నా కాళ్ళు కదల్లేదు. ఆయన కొంతదూరం పోయి, నేను వెనకబడ్డానని చూసి, కల్లం పక్కన కాలు ఆనించి ఆగాడు.

"మెల్లగా రండి సార్, తొందరేం లేదు" అని కేకేశాడు.